తొర్ర ఉన్న మానును ‘ఎండు చెట్టు’ అని రాసుకోకండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అటవీ శాఖల పెద్దలకు, వన్యప్రాణి విభాగం అధికారులకు, రోడ్ల కోసం చెట్ల లెక్క తీసే ఇంజనీర్లకు నమస్కారం.

నేను ముప్పై రెండేళ్లు సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. పుట్టింది పశ్చిమ గోదావరి మెట్టలో. పెళ్లయ్యాక కవ్వాల్ అడవి అంచుకు వచ్చి ఇక్కడే ఉండిపోయాను. అందుకే ఈ ఉత్తరం రెండు రాష్ట్రాలకూ కలిపి రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. తెలంగాణ పాలపిట్టను ఉంచుకుంది. ఒకటి గింజలూ పండ్లూ తినేది, ఇంకోటి మిడతలూ పురుగులూ ఏరుకునేది. అరుపు వేరు, నడవడి వేరు, కులం వేరు. కానీ రెండూ గుడ్లు పెట్టేది తొర్రలోనే. కొమ్మ మీద పుల్లలు పేర్చి గూడు కట్టుకోవడం రెండింటికీ రాదు. ఆస్తుల పంపకంలో తేలనివి ఇంకా ఎన్ని ఉన్నాయో మీకే తెలియాలి గాని, పక్షుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి ఇల్లే వచ్చింది. ఆ ఇంటినే మన రిజిస్టర్లు ‘ఎండు చెట్టు’ అంటున్నాయి.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఈ రెండింటి గురించీ కాదు. వీటికంటే అడవిని ఎక్కువగా నమ్ముకున్న పెద్ద చిలుక గురించి. చాలామంది దాన్ని చూసి కూడా రామచిలుకే అనుకుంటారు. ముక్కు నుంచి తోక కొస దాకా కొలిస్తే రామచిలుక సుమారు 40 సెంటీమీటర్లు ఉంటుంది. ఇది 60కి అటూ ఇటూ. ముక్కు బాగా లావు, ఎర్రగా పెద్ద పోకచెక్కలా ఉంటుంది. రెక్క మొదట్లో, మనిషికైతే భుజం అనే చోట, కాస్త ముదురు ఎర్ర మచ్చ. గొంతు కూడా రామచిలుకలా కీచుగా ఉండదు, బొంగురుగా లోతుగా ఉంటుంది. కాస్త అలవాటైతే తల ఎత్తకుండానే చెప్పేయొచ్చు, ఇప్పుడు పైన పోయింది ఏదో. ఇంగ్లీషులో దీనికి అలెగ్జాండర్ పేరు పెట్టారు, మన దేశం నుంచి ఈ చిలుకలను గ్రీసు వైపు పట్టుకుపోయాడని. అంటే దీన్ని పట్టుకుపోవడం రెండు వేల మూడు వందల ఏళ్ల నాటి వ్యవహారం అన్నమాట.

నా చిన్నతనంలో మా ఇంట్లోనూ ఒకటి ఉండేది. సంతలో మా మేనమామ కొన్నాడు. అమ్మేవాడు వెదురు గంప మీద తడిగుడ్డ కప్పి తెచ్చాడు. గుడ్డ తీస్తే లోపల ఏడెనిమిది పిల్లలు ఒకదాని మీద ఒకటి. ఈకలు ఇంకా పూర్తిగా రాలేదు, చర్మం మీద ముళ్లు పొడిచినట్టు నీలంగా మొలకలు. మాకు దక్కినదానికి అమ్మ జొన్నసంకటి వేలితో పెట్టి పెంచింది. ఎగరడం వచ్చే వేళకు మామయ్య కత్తెరతో రెక్క ఈకలు కత్తిరించాడు. అది ‘ఎవరూ?’ అనడం నేర్చుకుంది. గుమ్మంలోకి ఎవరొచ్చినా ‘ఎవరూ?’. చివరికి మా నాన్న ఊరి నుంచి వచ్చినా ‘ఎవరూ?’ అనేది, ఆయన ‘నేనేనమ్మా’ అని దానికి జవాబు చెప్పి చెప్పులు విడిచేవారు. దాని భుజం మీద ఎర్ర మచ్చ ఉండేది. అది ఊరి చిలుక కాదు, అడవి చిలుక అని నాకు అర్థమైంది ఉద్యోగంలో చేరాకే.

ఆ పంజరం పక్కనే కూర్చుని మా అమ్మమ్మ రామదాసు కథ చెప్పేది. పూర్వజన్మలో ఒక చిలుకను పన్నెండు రోజులు పంజరంలో పెట్టిన పాపానికి భద్రాద్రి రామదాసు గోల్కొండ ఖైదులో పన్నెండేళ్లు మగ్గాడట. రోజుకు ఏడాది లెక్క. మేమంతా కళ్లనీళ్లు పెట్టుకుని వినేవాళ్లం. పక్కన పంజరంలో చిలుక జామకాయ కొరుకుతూ ఉండేది. అమ్మమ్మకు గాని మాకు గాని ఏమీ తట్టలేదు. మా ఇంట్లో అది పదకొండేళ్లు బతికింది. అమ్మమ్మ లెక్క ప్రకారమైతే మా మేనమామకు ఎన్ని వేల ఏళ్లు శిక్ష పడాలో మీరే గుణించుకోండి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పంజరం గురించి మాట్లాడటం తేలిక. పంజరం కంటికి కనిపిస్తుంది. ఆ గంపలోకి పిల్లలు ఎక్కడి నుంచి వచ్చాయో కనిపించదు.

తొర్ర ఎలా పుడుతుందో ఒకసారి చూద్దాం. గాలివానకు పెద్ద మానులో ఒక కొమ్మ విరుగుతుంది. ఆ గాయంలోంచి వాన నీరు, బూజు లోపలికి దిగుతాయి. చెట్టు బయటి భాగం పచ్చగా ఉండగానే లోపలి గుండె మెల్లగా మెత్తబడుతుంది. ఆ మెత్తదనం వడ్రంగిపిట్టకు తెలుస్తుంది. అది ముక్కుతో బొరియ తొలిచి ఒక కాపు పిల్లల్ని లేపుకుని పోతుంది. మరుసటేడు అందులోకి ఇంకెవరో వస్తారు. చిలుక తనంతట తాను కట్టె తొలిచి కొత్త ఇల్లు చేసుకోవడం అరుదు. ఎక్కువగా ఉన్న బొరియ అంచునే కొరికి కొరికి వెడల్పు చేసుకుంటుంది. లోపల పరుపూ ఉండదు, రాలిన చెక్కపొట్టు మీదే గుడ్లు. కొమ్మ విరిగిన రోజు నుంచి అరమీటరు పైగా ఉండే ఈ పెద్ద చిలుక పట్టే తొర్ర తయారయ్యే దాకా దశాబ్దాలు పడుతుంది. అంత వయసూ అంత లావూ ఉన్న మానులు మా వైపు ఏవంటే నల్లమద్ది, బూరుగ, ఇప్ప. ఇప్పచెట్టుకు కాస్త అదృష్టం ఉంది. చేను మధ్యలో ఉన్నా గోండులు దాన్ని కొట్టరు, పువ్వు కోసం, కాయ కోసం, అంతకంటే మర్యాద కోసం. నేను చూసిన చిలుక తొర్రల్లో సగానికి పైగా అలా చేలలో మిగిలిన ఇప్పచెట్లవే. టేకు ప్లాంటేషన్‌లో ఎంత నడిచినా ఒక్కటీ దొరకదు. అన్నీ ఒక ఈడువి, అన్నీ నిటారు. తొర్ర పడే ముసలితనం దేనికీ రానివ్వరు. జామాయిలు సంగతి ఇక చెప్పక్కర్లేదు, నాలుగైదేళ్లకే నరికి లారీ ఎక్కిస్తారు.

ఇంత కష్టపడి తయారైన ఇంటికి అభ్యర్థులు చాలామంది. ‘చిలకాగోరింకల్లా ఉండండి’ అని కొత్త దంపతుల్ని దీవిస్తాం కదా. తొర్ర దగ్గర చూస్తే ఆ దీవెన నోట రాదు. గోరింకల జంట వచ్చి చిలుక తొర్ర ముందు వాలి అరుస్తుంది. చిలుక లోపలి నుంచి ముక్కు బయట పెట్టి ఉరుముతుంది. గడ్డిపరకలు తెచ్చి తొర్రలో కుక్కి ఇల్లు ఆక్రమించుకునే గోరింకల్ని నేను ఒక ఫాల్గుణమంతా చూశాను. గుడ్లగూబలు వస్తాయి, పాలపిట్ట వస్తుంది, ఉడుతలు వస్తాయి, ఉడుము కూడా తొంగి చూస్తుంది. పది చెట్లుంటే ఎవరి ఇల్లు వారిది. ఒక్క చెట్టే మిగిల్చితే కొట్లాట తప్పదు, అందులో ఎవరో ఒకరికి ఆ ఏడు పిల్లలుండవు.

దీనికి తోడు మనిషి. పిల్లల్ని దింపేవాడు తొర్రలో చెయ్యి పట్టకపోతే గొడ్డలితో అంచు పగలగొడతాడు. పిల్లలు పోయింది ఆ ఒక్క ఏడాదికే. తొర్ర పోయింది ఎప్పటికీ. చిలుక ఏటా అదే తొర్రకు తిరిగి వచ్చే పక్షి. పగిలిన తొర్రలో వాన పడుతుంది, ఎండ పడుతుంది, పాము దూరుతుంది. ఒక జంట రెండు నుంచి నాలుగు గుడ్లు పెట్టి, సుమారు 24 రోజులు పొదిగి, ఇంకో ఏడు వారాలు మేపితేగాని పిల్ల బయటికి ఎగరదు. ఇదంతా చలికాలం నుంచి ఎండాకాలం మొదటి దాకా సాగే పని. మన రోడ్డు పనులు, కొట్టే చెట్లకు రంగుతో మార్కింగ్, ఎండుకట్టె ఏరివేత, అడవిలో నిప్పు, అన్నీ సరిగ్గా ఆ నెలల్లోనే. నిప్పు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. అడుగున గుల్లబారి పైన రంధ్రం ఉన్న మానుకు నేల మీది మంట అంటుకుంటే అది పొగగొట్టంలా లాగుతుంది. పక్కనున్న పచ్చని చెట్టు బతుకుతుంది, తొర్ర ఉన్నది లోపలి నుంచి కాలిపోతుంది.

ఐదేళ్ల కిందట, ఫిబ్రవరిలో, మా పిల్లలు పరుగెత్తుకొచ్చి ‘టీచర్, మద్దిచెట్టు పడగొట్టేశారు’ అన్నారు. ఊరికి కిలోమీటరు దూరంలో వాగు దాటాక ఉండే తెల్లమద్ది అది. ఒక పక్క ఎండింది, ఇంకో పక్క చిగురు వేస్తూనే ఉంది. మాను మొదలు దగ్గర ఎర్ర రంగుతో నంబరు వేసి ఉంది. రోడ్డు వెడల్పు పని పట్టిన కాంట్రాక్టరు మనుషులు రంపంతో పడేశారు. పడ్డప్పుడు సరిగ్గా తొర్ర దగ్గరే చీలింది. నేను వెళ్లేసరికి ఆ చీలికలో గోధుమరంగు చెక్కపొట్టు పోసినట్టుగా ఉంది, పిండిలా మెత్తగా, చేతికి ఇంకా వెచ్చగా. తొర్ర అంచు నున్నగా ఉంది, ఏళ్ల తరబడి ముక్కుతో కొరికిన నునుపు. మూడు పిల్లలు. ఒకటి మాను కింద నలిగిపోయింది. ఒకటి మధ్యాహ్నానికి పోయింది. మూడోదాన్ని అటవీ సిబ్బంది వచ్చే దాకా నేను ఉంచాను, ఉడికించిన పప్పు చల్లార్చి పెట్టాను. రాత్రి నిలవలేదు. ఆ సాయంత్రం జంట చిలుకలు రెండూ వచ్చి పడిపోయిన చెట్టు ఉండాల్సిన చోట గాలిలో తిరిగాయి. అక్కడ వాలడానికి ఏమీ లేదు, పక్కన కరెంటు తీగ మీద కూర్చున్నాయి. మర్నాడూ వచ్చాయి. మూడో రోజు రాలేదు.

ఆ పనివాళ్లను నేను తిట్టలేదు. కాగితం అడిగాను, చూపించారు. అందులో ఆ చెట్టు ఎదురుగా ‘ఎండినది’ అని ఉంది. అనుమతి సక్రమంగానే ఉంది. అదే నన్ను ఇన్నేళ్లుగా తొలుస్తున్నది. అన్నీ సక్రమంగా జరిగి కూడా అలా జరిగింది.

సక్రమమేనా మరి? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’ అనే మాటకు ఏ అర్థం ఇచ్చిందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. చంపడం, పట్టుకోవడం ఒక్కటే వేట కాదు. పక్షుల విషయంలో గుడ్లు చెడగొట్టినా, గుడ్లనో గూటినో కదిలించినా అది కూడా వేటే అని రెండో సెక్షన్‌లోనే ఉంది. చట్టానికి విరుద్ధంగా వేటాడిన, పట్టి ఉంచిన అడవి పక్షి సర్కారు సొత్తు అని మరో సెక్షన్ చెప్తుంది. 2022లో చట్టాన్ని సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చాక చిలుకలు ఆ చట్టంలోని రక్షిత జాతుల జాబితాల్లో నాలుగో షెడ్యూలు నుంచి రెండో షెడ్యూలుకు వచ్చాయి. పట్టుబడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. జోస్యం చెప్పుకునే ముసలాయన దగ్గర పంజరం దొరికితే ఆయనకు ఇదంతా వర్తిస్తుంది. పిల్లలున్న తొర్రను రంపంతో కోసిన పనికి మాత్రం ‘ఎండినది’ అన్న ఒక్క మాటతో చెల్లుచీటీ దొరుకుతుంది. ఇది న్యాయమో కాదో చెప్పేంత చట్టం నాకు రాదు. లెక్క మాత్రం కుదరడం లేదు.

‘చిలుకలకేం, ఎక్కడ చూసినా అవే’ అనేవాళ్లున్నారు. నిజమే, రామచిలుకకు బతుకు తెలుసు. పాత గోడలో రాయి ఊడిన కంతలోనూ కాపురం పెడుతుంది. పంజరాల్లోంచి తప్పించుకున్నవి లండన్ పార్కుల్లో గుంపులు గుంపులుగా పెరిగాయి. అక్కడ ఉద్యోగం చేసే మా అక్క కొడుకు మంచులో రామచిలుకల వీడియో తీసి పంపాడు. ‘పిన్నీ, నాకంటే ముందే వచ్చేశాయి, వీసా కూడా అడగలేదు’ అని రాశాడు. కానీ పెద్ద చిలుక అంత తేలిగ్గా సర్దుకుపోయే రకం కాదు. మన అడవుల్లో దానికి పెద్ద మాను కావాలి, లోతైన తొర్ర కావాలి. అంతర్జాతీయంగా దీన్ని ప్రమాదపుటంచుకు దగ్గరైన జాతుల్లో చేర్చారు. పాలపిట్ట కూడా తగ్గిపోతోందని 2023లో వచ్చిన దేశవ్యాప్త పక్షుల నివేదిక ప్రత్యేకంగా ఎత్తి చూపింది. దసరా నాడు చూద్దామంటే ఊళ్లో కనబడక జనం ఊరవతలికి పోతున్నారు, అది మీరూ చూస్తూనే ఉన్నారు.

రైతుల మాట దాచిపెట్టను. జొన్న పాలు పట్టే వేళ చేలో మంచె వేసి వడిసెల తిప్పిన ఇంటి పిల్లనే నేను. మొక్కజొన్న, పొద్దుతిరుగుడు వేసినవాళ్లకు చిలుక చుట్టం కాదు. కంకి ఒలిచి సగం తిని సగం కింద పారేస్తుంది, అంత దుబారా పక్షి. ఆ నష్టానికి దారి వేరే వెతకాలి. నేను అడుగుతున్నది అడవిలోనూ రోడ్డు పక్కనా ఉన్న మానుల గురించి. తొర్ర లేకపోతే చేలో చిలుక తగ్గుతుందని ఎవరైనా లెక్క వేస్తే, ఆ లెక్కలో ముందు తగ్గేది కంకి జోలికి వచ్చే రామచిలుక కాదు, అడవిలోని పెద్ద చిలుక.

మీ చేతిలో ఉన్నవే అడుగుతున్నాను. చెట్ల లెక్క తీసేటప్పుడు ఆ ఫారంలో జాతి, చుట్టుకొలత, ఎండినదా పచ్చిదా అనే గడులు ఉంటాయి. వాటి పక్కన ఇంకొక్క గడి: ‘తొర్ర ఉందా?’. ఉంటే ఒక మనిషి తెల్లవారుజామున గంటసేపు, సాయంత్రం గంటసేపు ఆ చెట్టు కింద కూర్చుని చూడాలి. అంతకు మించి ఖర్చు లేదు. జీతం అడగకుండా కూర్చునేవాళ్లు ప్రతి మండలంలోనూ పదిమంది దొరుకుతారు. అందులో నేనొకదాన్ని. పిల్లలున్న తొర్ర అయితే, మానును కొట్టక తప్పదని తేలినా, మే దాకా ఆగాలి. అడవి లోపల అయితే అసలు కొట్టనే వద్దు. ఎండు మోడు అడవికి భారం కాదు, నిలబడినన్నాళ్లూ నిలబడనివ్వండి. ఏ ప్లాంటేషన్‌లోనైనా పలచన చేసే పనులప్పుడు పాత అడవి నుంచి మిగిలిన ముసలి మానుల జోలికి పోవద్దని ఒక్క వాక్యం మీ వర్కింగ్ ప్లాన్‌లో, అంటే అడవి పనుల ప్రణాళికలో, చేర్చండి. తాటిచెట్లది కూడా ఇదే కథ. తల రాలిన తాటిమోడు ఇటుక బట్టీ వాళ్లకు కట్టె, పాలపిట్టకూ చిలుకకూ ఇల్లు. కనీసం చెరువుగట్ల మీద ఉన్నవాటినైనా లెక్కలోకి తీసుకోండి.

ఒక చెట్టు పోతే పది మొక్కలు నాటిస్తున్నాం అంటారు. నాటండి, వద్దని ఎవరూ అనరు. మా బడి ఆవరణలో 2015లో హరితహారంలో నాటిన కానుగ ఇప్పుడు మంచి నీడ ఇస్తోంది, పిల్లలు దాని కిందే అన్నం తింటారు. దానికి చిలుక పట్టే తొర్ర పడేసరికి ఆ పిల్లలకు మనవలు పుడతారు. పది కాదు, వెయ్యి నాటినా ఆ లెక్క మారదు. హైదరాబాద్ దగ్గర చేవెళ్ల రోడ్డు వెడల్పులో పోబోయిన దాదాపు 900 మర్రిచెట్ల కోసం జనం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది నీడ కోసమే అనుకోవద్దు.

తొర్రలకు బదులు చెట్లకు కొయ్యపెట్టెలు కట్టే ఆలోచన కొందరు చెప్తున్నారు. కట్టండి, కానీ మన ఎండకు పెట్టె లోపల ఎంత కాగుతుందో ముందు చూడండి. వాటిలోకి ముందుగా చేరేది గోరింకలే.

దాడుల్లో పట్టుబడిన చిలుక పిల్లల సంగతి కూడా ఒక మాట. గంపలతో దొరికినవాటిని తీసుకెళ్లి అడవిలో వదిలేశామని ఫోటోలు వస్తుంటాయి. చేతి ముద్ద మరిగిన పిల్లకు మోదుగ పువ్వులో తేనె ఉంటుందనీ, డేగ వస్తే గుబురులో దూరాలనీ ఎవరు చెప్పారు? వాటిని పెద్ద జాలీ గదిలో కొన్ని నెలలు ఉంచి, రెక్కలు గట్టిపడి, అడవి కాయలు కొరకడం అలవాటయ్యాక గుంపుగా వదలాలి. ఇళ్లలో ఉన్న పాత చిలుకల్ని, కేసు పెడతారన్న భయంతో రాత్రికి రాత్రి మేడ మీద నుంచి ఎగరేసేవాళ్లూ ఉన్నారు. కత్తిరించిన రెక్కతో అది పక్కింటి కుక్క దాకానే ఎగురుతుంది. అడిగేవాళ్లు లేకుండా తెచ్చి అప్పగించే ఒక చోటు జిల్లాకొకటి ఉంటే చాలామంది తెస్తారు. మా మేనమామ ఉంటే ఆయనే ముందు తెచ్చేవాడు.

గత పన్నెండేళ్లలో నేను చూసిన తొర్రలన్నీ ఒక నోటుబుక్కులో రాసి ఉంచాను: ఏ చెట్టు, ఎంత ఎత్తు, ముఖం ఏ దిక్కు, ఏ ఏడు ఎవరు కాపురం ఉన్నారు. మొత్తం నలభై ఒకటి. వాటిలో పద్నాలుగు ఇప్పుడు లేవు. మిగిలినవి ఎక్కడున్నాయో ఈ ఉత్తరంలో రాయను. గంపలవాళ్లు కూడా చదువు వచ్చినవాళ్లే. మీ బీటు వాళ్లెవరైనా వచ్చి అడిగితే పుస్తకం ఇస్తాను, వెంట వచ్చి చెట్టూ చూపిస్తాను. నవంబరు చివర్లో జంటలు తొర్రలు చూసుకోవడం మొదలుపెడతాయి. ఈ ఏడాది రంగు డబ్బా పట్టుకుని ఎప్పుడు బయల్దేరుతున్నారో కాస్త ముందుగా చెప్పండి.

ఇట్లు
ఒక రిటైర్డ్ సైన్సు టీచరు
కవ్వాల్ అడవి అంచు నుంచి